ఘోరమైనవన్నీ ‘ఇగ్రీజియస్’ కావు

సందేహం: ‘ఇగ్రీజియస్’ అనే ఇంగ్లిషు విశేషణం కోర్టు తీర్పుల్లో, సంపాదకీయాల్లో అప్పుడప్పుడూ కనిపిస్తుంది. ఒక పాత నిఘంటువులో దీనికి ‘ప్రసిద్ధమైన’, ‘శ్రేష్ఠమైన’ అనే అర్థాలు కూడా ఉన్నాయి. ఇంతకీ ఇది మెచ్చుకోలా, తెగడ్తా? తెలుగులో ‘ఘోరమైన’ అంటే సరిపోతుందా?

సమాధానం: నేటి వాడుకలో ఇది ముమ్మాటికీ తెగడ్తే. అలాగని మీ నిఘంటువు తప్పు చెప్పలేదు. లాటిన్‌లో ‘గ్రెక్స్’ అంటే మంద. దాని నుంచి పుట్టిన ‘ఇగ్రీజియస్’ మొదట్లో మందలో కలవక ప్రత్యేకంగా కనిపించేదాన్ని సూచించేది. సెగ్రిగేషన్, కాంగ్రిగేషన్ అనే మాటల్లోనూ ఆ మందే ఉంది. 16వ శతాబ్దపు ఇంగ్లిషులో ఇది ఘనులకూ చెల్లింది, దుర్మార్గులకూ చెల్లింది. క్రమంగా మంచి అర్థం రాలిపోయింది. ఇటాలియన్‌లో మాత్రం దీని తోబుట్టువు ‘ఎగ్రేజో’ నేటికీ ఉత్తరాల మొదట్లో గౌరవవాచకంగా ఉంది. మాట ఇలా దిగజారడాన్ని అర్థాపకర్ష అంటారు. వేదం చదివినవాడు ఛాందసుడు, దేవుడికి చేసే సేవ కైంకర్యం. ఇప్పుడు ‘సొమ్ము కైంకర్యం చేశాడు’ అంటే కాజేశాడనే కదా!

ఇక ‘ఘోరమైన’ సంగతి. చాలామంది అనువాదకులు తడబడేది ఇక్కడే. మనకు ప్రమాదమూ ఘోరమే, అన్యాయమూ ఘోరమే. ఇంగ్లిషు మాట అలా కాదు. దానికి తప్పు చేసినవారు ఒకరుండాలి, ఆ తప్పు ఎవరికైనా కొట్టొచ్చినట్టు కనబడాలి. భూకంపం ఎంత ప్రాణనష్టం కలిగించినా ‘ఇగ్రీజియస్’ కాదు. కూలుతుందని తెలిసీ భవనానికి అనుమతి ఇచ్చిన అధికారి నిర్లక్ష్యానికి మాత్రం ఆ విశేషణం తగినదే. నష్టం ఎంతన్నది కాదు, నేరం ఎంత నిస్సిగ్గుగా జరిగిందన్నదే దీనికి కొలమానం. 2022లో అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కుపై 1973లో వెలువడిన రో కేసు తీర్పును కొట్టివేస్తూ, అది మొదటినుంచీ ‘ఇగ్రీజియస్’గా తప్పని రాసింది. ఆ తీర్పులో ఏదో లోపముందని సరిపెట్టుకోవడం ఆ న్యాయమూర్తుల ఉద్దేశం కాదు. అది ఏమాత్రం సమర్థించరానిదని వారు గట్టిగా చెప్పదలచారు.

కాబట్టి తెలుగు చేసేటప్పుడు పక్కనున్న నామవాచకాన్ని చూడండి. అబద్ధానికీ మోసానికీ ‘పచ్చి’ అన్న మాటకు మించింది లేదు. నిబంధనల ఉల్లంఘనకు అది అతకదు. అక్కడ ‘బాహాటంగా ఉల్లంఘించడం’ అనాలి. పొరపాటుకైతే ‘క్షమించరాని’ అన్నది నాకు నచ్చిన మాట. అధికార దుర్వినియోగానికి ‘దారుణమైన’ కన్నా ‘నిస్సిగ్గు’ బాగా నప్పుతుంది. అచ్చుతప్పు, ఆలస్యం వంటి చిన్న లోపాలకు అసలు ఈ విశేషణమే వాడకూడదు.