హోమ్ లోన్ ఆగిపోయిన అబ్బాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి బాబుకు,

పెదనాన్న ఆశీస్సులు. హోమ్ లోన్ ఫైలు వెనక్కి వచ్చిందనీ, అప్పులు ఎలా కడుతున్నామో చెప్పే సిబిల్ స్కోరు 640 చూపిస్తోందనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. టెన్షన్ పడకు. నా సర్వీసు చాలావరకు లోన్ల సెక్షన్‌లోనే గడిచింది కాబట్టి చెబుతున్నా, ఆ మూడంకెల నంబరు చూస్తూ కూర్చుంటే ఏమీ తేలదు. ఆ స్కోరు వెనకున్న పూర్తి క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుని, కిరాణా చిట్టాలో కూడికలు సరిచూసినట్టు లైను లైనూ చదువు.

ముందు ఆ బ్యాంకును, ఫైలు ఎందుకు తిప్పి పంపారో కాగితం మీద రాసివ్వమని అడుగు. అది నీ హక్కు, బతిమాలాల్సిన పని లేదు.

రిపోర్టు కోసం ఎవరికీ రూపాయి ఇవ్వొద్దు. మన అప్పుల చరిత్ర రాసిపెట్టి ఈ రిపోర్టులు ఇచ్చే సంస్థల్నే బ్యూరోలంటారు, మన దేశంలో అవి నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. అడిగితే ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. వాళ్ళ సొంత వెబ్‌సైట్ల నుంచే తీసుకో. మన రిపోర్టు మనం ఎన్నిసార్లు చూసుకున్నా స్కోరు తగ్గదు. కంగారులో నాలుగు బ్యాంకులకు ఒకేసారి అప్లై చేస్తేనే ఇబ్బంది, ఆ ఎంక్వైరీలన్నీ రిపోర్టులో కనబడతాయి.

పేరు, పుట్టిన తేదీ, పాన్ సరిచూశాక ఖాతాల దగ్గరికి రా. ఒక్కో ఖాతా కింద నెలకో గడి చొప్పున మూడేళ్ళ చరిత్ర ఉంటుంది. 000 అంటే ఆ నెల బాకీ లేదు. 030 అంటే ముప్పై రోజులు లేటు. ఎక్స్‌లు మూడుంటే ఆ నెల వివరాలు బ్యాంకు పంపలేదని. నువ్వు ఈఎంఐలో కొన్న ఫోను, మీ ఫ్రెండు బండి లోనుకు గ్యారంటీ పెట్టిన సంతకం, ఈ రెండూ ముందు వెతుకు. వాడు కట్టకపోతే ఆ మచ్చ నీకూ అంటుతుంది. మొహమాటానికి పెట్టే సంతకాలన్నీ ఇక్కడే బయటపడతాయి.

‘సెటిల్డ్’ అని ఎక్కడైనా ఉందా చూడు. రికవరీ వాళ్ళు ‘సగం కట్టండి సార్, క్లోజ్ చేసేస్తాం’ అంటారు. సగం కట్టాక రిపోర్టులో పడేది ‘క్లోజ్డ్’ కాదు, ‘సెటిల్డ్’. లోను ఇచ్చేవాడి కంటికి అది పూర్తిగా తీర్చని అప్పే. అలాంటిదుంటే మిగిలింది కట్టేసి, ఇక బాకీ లేదనే నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని, స్టేటస్ మార్చమని రాతపూర్వకంగా అడుగు.

తప్పు కనబడితే బ్యూరో సైట్‌లో డిస్ప్యూట్, అంటే తప్పు దిద్దమనే ఫిర్యాదు, పెట్టు. దానికి ఫీజు లేదు. అప్పు ఇచ్చిన సంస్థ ఒప్పుకోనిదే బ్యూరో తనంతట తాను ఏదీ మార్చదు, అందుకే అదే రోజు ఆ సంస్థకూ మెయిల్ పెట్టు. కంప్లయింట్ నంబరు, తేదీ దాచుకో. 30 రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున నీకు పరిహారం రావాలి, 2024 ఏప్రిల్ నుంచి ఈ రూలు అమల్లో ఉంది. అప్పటికీ పలక్కపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చెయ్. సందేహాలుంటే రిజర్వ్ బ్యాంకు నంబరు 14448కి ఫోన్ చెయ్యొచ్చు. బ్యూరోలు కూడా 2022 నుంచి అంబుడ్స్‌మన్ పరిధిలోకి వచ్చాయి.

‘వారంలో స్కోరు 800 చేస్తాం’ అనే ఏజెంట్లు నీకూ తగులుతారు. నిజంగా లేటు కట్టింది ఎవడూ చెరపలేడు. ఇకమీదట సమయానికి కట్టుకుంటూ పోతే కొన్ని నెలల్లో అదే మెరుగవుతుంది. క్రెడిట్ కార్డు లిమిట్ నిండా వాడే అలవాటు కూడా తగ్గించు.

రిపోర్టు రాగానే పీడీఎఫ్ నాకు పంపు. ఆదివారం ఫోన్‌లో కూర్చుని ఇద్దరం చూద్దాం. మీ అమ్మకు ఈ సంగతులేవీ ఇప్పుడే చెప్పకు, నిద్ర మానేస్తుంది.

ఇట్లు,
పెదనాన్న