27 పాటలూ వినాలా?

ప్రశ్న: అమెరికన్ ర్యాపర్ టుపాక్ షకూర్ ఆల్బమ్ 'ఆల్ ఐజ్ ఆన్ మీ' అంటే కాలేజీ రోజుల్లో ప్రాణం. ఇప్పుడు సగంలోనే విసుగొస్తోంది. లోపం ఎక్కడ?
— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: లోపం నిడివిలో ఉందండి. 1996 ఫిబ్రవరిలో వచ్చిన ఈ జంట సీడీలో 27 పాటలు, రెండు గంటల పైమాటే. 1995 అక్టోబర్‌లో జైలు నుంచి బెయిల్‌పై బయటికొచ్చీ రాగానే ఆయన రికార్డింగ్‌కి దిగారు. మొదటి డిస్క్‌లో ఆ వేడి తెలుస్తుంది. రెండో డిస్క్‌లో అతిథి ర్యాపర్ల జోరు ఎక్కువై, అవే డాబులు తిరిగి తిరిగి వస్తాయి. పాటల్లో ఆడవాళ్లపై కనిపించే చిన్నచూపు అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే.

మొదటి డిస్క్‌లో 9, 10, 13 పాటలు వరసగా వినండి. 13వది 'ఐ ఎయింట్ మ్యాడ్ ఎట్ చా'. పియానో వెంట మొదటి చరణం సాగుతుంది; జైలుకెళ్లి ఇస్లాం స్వీకరించిన పాత స్నేహితుణ్ణి నిష్ఠూరం లేకుండా పలకరిస్తాడు. ఇలా డాబులు పోయే ర్యాప్‌లో అంత మెత్తదనం అరుదు. ఆల్బమ్ మొత్తానికీ నిలిచే పాట ఇదే.

రెండో డిస్క్‌లో ర్యాప్ నిర్మాత డాక్టర్ డ్రె బాణీ కట్టిన మొదటి పాట, 7వది 'పిక్చర్ మీ రోలిన్' చాలు. ఫోన్ స్పీకర్‌లో వద్దు, అడుగు బేస్ పోయి డ్రమ్ములే టకటకమంటాయి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.