రక్తం పెరిగింది సరే, ఎవరి వల్ల?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది విజయనగరం జిల్లాలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ. కిందటేడు మూడు హైస్కూళ్లలో ఆడపిల్లలందరికీ వేలి నుంచి రక్తం తీసి పరీక్ష చేయించాం. హెచ్‌బీ (రక్తంలోని హిమోగ్లోబిన్) 10 గ్రాముల కంటే తక్కువ ఉన్నవాళ్లను ఏరి ఐరన్ మాత్రలు, నువ్వుల ఉండలు ఇచ్చాం. నాలుగు నెలలకు మళ్లీ చూస్తే సగటున ఒక గ్రాము దాకా పెరిగింది. విరాళం ఇచ్చినవాళ్లు మాత్రం "ఇది మీ వల్లే అని రుజువేంటి?" అంటున్నారు. లెక్క కళ్లముందే ఉంటే ఇంకా రుజువేంటండీ?

— ఒక కార్యకర్త, బొబ్బిలి

జవాబు: అలా అడిగే దాతలు దొరకడం మీ అదృష్టం అమ్మా. చాలామంది బ్యానర్ ముందు ఫొటోతో సరిపెట్టుకుంటారు.

మెలిక మీరు "ఏరి" అన్నచోటే ఉంది. వేలి చుక్కతో చేసే పరీక్ష రోజుకో రకంగా చూపిస్తుంది. రక్తం సరిగ్గా రాక వేలు గట్టిగా పిండితే కణజాలంలోని నీరు కలిసి, హెచ్‌బీ ఉన్నదాని కంటే తక్కువ కనిపిస్తుంది. అసలు 10.4 ఉన్న పిల్ల ఆ రోజు 9.7 చూపించి మీ జాబితాలోకి వచ్చి ఉండొచ్చు. రెండోసారి చుక్క బాగా వస్తే మళ్లీ 10.4 చూపిస్తుంది. ఇలాంటివాళ్లు కొందరున్నా చాలు, మీరు ఒక్క మాత్ర ఇవ్వకపోయినా సగటు కొంత పెరుగుతుంది. గణాంకాలవాళ్లు దీన్ని రిగ్రెషన్ టు ద మీన్ అంటారు. మొదటిసారి బాగా ఎక్కువ చూపించిన పిల్లలకు మళ్లీ పరీక్ష చేయించి ఉంటే, వాళ్ల సగటు కొంచెం తగ్గేది. అందుకు మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు కదా? మరి కిందివాళ్లు పెరిగినదంతా మీ ఖాతాలో ఎలా వేస్తాం?

ఇంకో సంగతి. ఆ నాలుగు నెలల్లో ఆ పిల్లలకు మీరొక్కరే ఇచ్చారా? బడిలో వారానికోసారి వేసే ప్రభుత్వం వారి నీలం మాత్ర ఉంది. మధ్యాహ్న భోజనంలో చిక్కీ, రాగి జావ ఉన్నాయి. ఫిబ్రవరి 10 మధ్యలో వచ్చి ఉంటే నులిపురుగుల మాత్ర కూడా పడి ఉంటుంది. రెండుసార్లూ ఒకే మిషన్ వాడారో లేదో మీరు రాయలేదు. మొదట రంగు పోల్చి చూసే పాత సాలీ పద్ధతి, తర్వాత డిజిటల్ మిషన్ వాడి ఉంటే ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టకండి.

వీటన్నిటికీ మందు పోలిక. ఈసారి ఇరవై బడులు తీసుకోండి. డబ్బు పదింటికే ఉంటుంది, అది నాకు తెలుసు. హెచ్‌ఎంలందరినీ కూర్చోబెట్టి వాళ్ల ముందే చీటీలు తీయండి. చీటీ వచ్చిన పది బడులకు ఈ ఏడు, మిగతావాటికి వచ్చే ఏడు. "మా బడిని ఎందుకు వదిలేశారు" అనే గొడవ కూడా ఉండదు. పరీక్ష మాత్రం మొదట్లోనూ చివర్లోనూ ఇరవై బడుల్లోనూ, ఒకే మిషన్‌తో, అదే రోజుల్లో జరగాలి. నీలం మాత్ర, చిక్కీ, పిండిన వేలు రెండు వైపులా ఉంటాయి కాబట్టి కొట్టుకుపోతాయి. చివరికి మిగిలే తేడా మీది. అది ఒక గ్రాము ఉండదు, ముందే చెబుతున్నా. 0.3 వచ్చినా దాచకుండా రాయండి.

చీటీల్లో పేరు రాలేదని ఎవరినీ గాలికి వదలొద్దు. 8 కంటే తక్కువ ఉన్న పిల్ల ఏ బడిలో ఉన్నా అదే వారం పీహెచ్‌సీకి తీసుకెళ్లాలి. లెక్క చెడుతుందని ఆగారో, నాకు ఉత్తరం రాయకండి.

ఇలా చీటీలు తీసి చూసిన పని మన దేశంలోనే ఉంది. రాజస్థాన్‌లోని ఉదయపూర్ ప్రాంతంలో 134 ఊళ్లను మూడు గుంపులు చేశారు. ఏమీ చేయని ఊళ్లలో టీకాలన్నీ పూర్తయిన పిల్లలు 6 శాతం. నెలనెలా తప్పకుండా టీకా శిబిరం పెట్టిన చోట 18. శిబిరంతో పాటు టీకా వేయించిన ప్రతిసారీ కిలో పప్పు, అన్నీ పూర్తయ్యాక పళ్లేలు ఇచ్చిన చోట 39. 2010లో ఈ ఫలితాలు అచ్చయ్యాక అందరూ పప్పు మహిమ గురించే మాట్లాడారు. నా కన్ను మాత్రం మిగిలిన 61 మీదే ఉంటుంది.

మాత్రలు ఎన్ని పంచారన్నది కాదు, ఎన్ని మింగారన్నది రాసుకోండి. ఒడిశాలో పూరీ జిల్లాలోని 100 ఊళ్లలో ఇలాగే మరుగుదొడ్ల పథకాన్ని పరీక్షించారు. పథకం అమలైన ఊళ్లలో మరుగుదొడ్లున్న ఇళ్లు 9 శాతం నుంచి 63కి పెరిగాయి. చిన్నపిల్లల విరేచనాలు మాత్రం పోల్చి చూసిన ఊళ్లకంటే తగ్గలేదు. కట్టినవాటిలో చాలా వాడకంలో లేవు. మీ నువ్వుల ఉండలు తమ్ముళ్లు తినడం లేదు కదా?

ప్రశ్న: మా మండలంలో ఇంటింటికీ తిరిగి టీబీ సర్వే చేశాం. కేసులు రెట్టింపయ్యాయి. "మీరు తిరిగాకే పెరిగాయి" అని సమావేశంలో తిట్టారు. చాలా టెన్షన్‌గా ఉంది.

— ఆశా కార్యకర్త, నిజామాబాద్ జిల్లా

జవాబు: జబ్బు పెరగలేదు తల్లీ, దొరికింది. ప్రైవేటు డాక్టర్లు కూడా టీబీ కేసులు తప్పక తెలపాలని 2012లో ఉత్తర్వు వచ్చింది. తర్వాత దేశమంతా నమోదు పెరుగుతూ 2019కి 24 లక్షలు దాటింది. దాన్ని ఎవరూ వైఫల్యం అనలేదు. ఈసారి సమావేశానికి రెండు అంకెలు పట్టుకెళ్లండి: తెమడ పరీక్షలు ఎంతమందికి జరిగాయి, వాళ్లలో నూటికి ఎంతమందికి టీబీ తేలింది. పరీక్షలు రెట్టింపై, నూటికి తేలినవాళ్లు అంతే ఉంటే జవాబు అందులోనే ఉంది. తిట్టినవాళ్లను చికిత్స పూర్తి చేసినవాళ్ల సంఖ్య కూడా అడగండి.