తుప్పు పొట్టు మార్చే రోజు నీళ్ల పైపు దగ్గర పెట్టుకోండి

కోళ్ల పెంట గ్యాసుతో జనరేటర్ నడుపుతున్నాం, ఇంజన్ ఆయిల్ ఊరికే పాడవుతోంది, గ్యాసులో సల్ఫర్ (హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు) తీయడానికి ఏది మంచిది అని అడిగారు. తుప్పు పొట్టే. ఐరన్ ఆక్సైడ్ పట్టించిన చెక్క పొట్టు. అమీన్ ద్రావణం, క్లాజ్ యూనిట్ లాంటి సల్ఫర్ తీసే పెద్ద పద్ధతులు రిఫైనరీల పని, మనలాంటోళ్లకు అవి అమ్మజూపితే చాయ్ తాగించి పంపెయ్యండి.

జడ్చర్ల దగ్గర ఒక ప్లాంటులో నాలుగేళ్లు చేశాను. మా ఓనర్ ఈ పొట్టు నింపే డ్రమ్ము కొన్నాడు గానీ ఆ విషవాయువుని కొలిచే మీటర్ కొనలేదు, "వాసనొస్తే తెలవదా" అనేవాడు. తెలవదు సారూ! ఒక పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో ఒక పాలు) లోపే ముక్కుకు తగిలే ఆ కుళ్లిన గుడ్ల వాసన, 100 పీపీఎం దాటితే ముక్కు మొద్దుబారి ఇక తెలియదు, వాసన పోయింది కదా అని లోపల తల పెట్టినోడు అక్కడే పడిపోతాడు.

ఒక మే నెలలో పొట్టు మార్చాలని డ్రమ్ము విప్పి, నల్లబడ్డ పొట్టంతా గోడ పక్కన కుప్ప పోసి అన్నానికి పోయాం. పాలమూరు ఎండ సంగతి చెప్పేదేముంది. వచ్చేసరికి కుప్పలోంచి పొగ, టపాకాయలు కాల్చినట్టు ఘాటు, గొంతులో మంట, అందరం దగ్గుతూ బకెట్లతో ఉరుకుడే. బీడీ పడేశావని ఓనర్ ఫిట్టరన్న మీద పడ్డాడు, ఆ అన్నకు బీడీ అలవాటే లేదు, అయినా ఆ నెల జీతంలో కోశాడు. అసలు సంగతేమిటంటే ఆ సల్ఫర్ గ్యాసుని పట్టుకున్న తుప్పు ఐరన్ సల్ఫైడ్ అవుతుంది, గాలి తగిలితే మళ్లీ తుప్పుగా మారుతూ వేడెక్కుతుంది, ఎండిన కుప్ప నడుమ ఆ వేడికి పోయే దారి లేక అంటుకుంటుంది. అదే పొట్టుని బాగా తడిపి, పలచగా పరిచి, నీళ్లు చల్లుతూ తిరగేస్తే ఇంకోసారి వాడుకోవచ్చు. కొన్నిసార్లయ్యాక సల్ఫర్ పేరుకుని సత్తువ పోతుంది, అప్పుడు మార్చాల్సిందే.

అమ్మేవాళ్ల లెక్కలు నమ్మకండి. కిలో ఐరన్ ఆక్సైడ్ కాగితం మీద 640 గ్రాముల హైడ్రోజన్ సల్ఫైడ్ పట్టాలి, వీళ్లేమో చెక్క బరువు కూడా కలిపి కిలో లెక్క చెప్తారు.

పెంట కుళ్లి గ్యాస్ పుట్టే ట్యాంకు, అదే డైజెస్టర్‌లోకి కాస్త గాలి వదిలితే బ్యాక్టీరియానే సల్ఫర్ తీస్తుందని కూడా ఎవరో చెప్తారు. నిజమే, పసుపు పొడిలా పేరుకుంటుంది. కానీ గాలి ఎక్కువైతే పేలే ప్రమాదం, కొలత పంపు లేకుండా మీథేన్‌లో గాలి కలిపే ధైర్యం నాకైతే లేదు.

ముందు మీ డ్రమ్ము పక్కన నీళ్ల నల్లా ఉందో లేదో చూడండి. లేకపోతే ఆయిల్ సంగతి తర్వాత, రేపే నల్లా వేయించండి.