టేబుల్ మీద రాసింది చదివాకే కూర్చో, అల్లుడా

మిర్యాలగూడ

అల్లుడా,

లాంగ్ వీకెండ్‌కు నువ్వూ నీ రూమ్మేట్లూ డల్లాస్ నుంచి లాస్ వేగాస్ పోతున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "తమ్మీ, జర నువ్వన్నా చెప్పు, నా మాట చెవిన పెడ్తలేడు" అంది. పోవద్దని నేను చెప్పను. పోతే ఏం చూసుకోవాలో చెప్తాను. అమెరికా రేవుల నుంచి బయలుదేరే ఓడల్లో, క్యాసినో టేబుల్ వెనక నిలబడి చాలా ఏళ్లు పత్తాలు పంచినవాణ్ణి. ఏ టేబుల్ దగ్గర మనుషులు ఎట్లా ఓడిపోతారో దగ్గర నుంచి చూశాను.

నువ్వు ఆడేది బ్లాక్‌జాక్ కదా, 21 దాటకుండా డీలర్ కంటే, అంటే పత్తాలు పంచేవాడి కంటే ఎక్కువ తెచ్చుకునే ఆట. మొదటి రెండు పత్తాల్లోనే ఒక ఆసు, దానికి తోడు పదో, జాకీయో, రాణో, రాజో పడితే బ్లాక్‌జాక్. కట్టినదాని కంటే ఎక్కువ చేతికొచ్చే ఘడియ అదొక్కటే అనుకో. ఆ ఎక్కువ ఎంత అన్నదాని మీదే నీ రాత్రంతా ఆధారపడి ఉంటుంది.

పాత పద్ధతిలో రెండు కడితే మూడు ఇచ్చేవారు. టేబుల్ గుడ్డ మీద 3 టు 2 అని ఉంటుంది. ఇప్పుడు చాలాచోట్ల ఐదు కడితే ఆరే ఇస్తున్నారు. దాన్ని 6 టు 5 అని రాస్తారు. ఆరూ ఐదూ పెద్ద అంకెలు కాబట్టి ఇదే మంచి టేబుల్ అనుకుని సంతోషంగా కూర్చున్నవాళ్లను నేను ఎందరినో చూశాను. లెక్క వేసి చూడు. నువ్వు 25 డాలర్లు కట్టావు, బ్లాక్‌జాక్ పడింది. పాత టేబుల్‌లో ముప్పై ఏడున్నర వస్తుంది, కొత్త టేబుల్‌లో ముప్పై. అంటే ఏడున్నర డాలర్లు పోయినట్టే. బ్లాక్‌జాక్ సగటున 21 ఆటలకు ఒకసారి పడుతుంది. గంటకు డెబ్బై ఆటలు నడిస్తే మూడుసార్లకు పైగానే పడుతుంది. ఇంచుమించు 25 డాలర్లు, అంటే నీ పందెం ఒకటి గంటగంటకూ పోతుంది. ఓడిపోయినప్పుడు పోయేది కాదది, గెలిచినప్పుడు పోయేది. అందుకే ఎవరికీ నొప్పి తెలియదు.

కొనుగోలు కేంద్రంలో వడ్ల రేటు క్వింటాలుకు ఎంతని బోర్డు మీద రాసిందే ఉంటుంది, దాని జోలికి ఎవరూ పోరు. బస్తాకు తరుగు మాత్రం ఒక కిలో పెంచుతారు. మీ నాయిన ఆ కిలో కోసం ఎందుకు కొట్లాడతాడో నీకు తెలుసు కదా. ఇదీ అదే తరుగు.

పద్ధతి ప్రకారం ఆడేవాడికి, మంచి రూల్స్ ఉన్న 3 టు 2 టేబుల్‌లో క్యాసినో పైచేయి సుమారు అర శాతం. వంద డాలర్ల పందేల మీద సగటున అర డాలర్ పోతుందన్నమాట. 6 టు 5 పెట్టగానే దానికి ఇంకో 1.4 శాతం దాకా కలుస్తుంది. మిగతా రూల్స్ ఏవీ మార్చకపోయినా నష్టం నాలుగింతలవుతుంది. కొన్నిచోట్ల బ్లాక్‌జాక్‌కు కట్టినంతే ఇచ్చే టేబుళ్లు కూడా ఉన్నాయి. వాటి దగ్గర నిలబడను కూడా నిలబడకు.

ఓడ రేవులో ఆగి ఉన్నప్పుడు క్యాసినో మూసే ఉంటుంది. అట్లాంటి ఒక మధ్యాహ్నం మా టేబుళ్ల మీది పాత గుడ్డ పీకేసి కొత్తది సాగదీసి బిగించారు. అదే ఆకుపచ్చ, అదే అక్షరాల వంపు, మారింది రెండంకెలే. సాయంత్రం తెరవగానే రోజూ వచ్చే ఒక పెద్దావిడ వచ్చి, నా ఎదుటి కుర్చీ లాగి, ఆ అక్షరాల మీద వేలు పెట్టి చదివింది. "నీ మీద కోపం కాదు నాయనా" అన్నట్టు నా చెయ్యి తట్టి, పైసలకు బదులు వాడే చిప్స్ బిళ్లలు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. పది నిమిషాల్లో ఆ టేబుల్ కొత్తగా పెళ్లయిన జంటలతో నిండిపోయింది. మా సూపర్‌వైజర్ ఏ గంటకు ఏ టేబుల్ దగ్గర ఎంతమంది ఉన్నారో రాసుకుంటూ తిరిగేవాడు. ఆ కాగితంలో కుర్చీలు నిండుగా కనిపించాయి. పాత గుడ్డ మళ్లీ రాలేదు.

ఆ కాగితమే అసలు సంగతి, అల్లుడా. క్యాసినో వాళ్లకు ఆటగాడి గొణుగుడు వినపడదు, ఖాళీ కుర్చీ మాత్రం కనపడుతుంది. 1962లో ఎడ్వర్డ్ థోర్ప్ అనే గణిత ప్రొఫెసర్ పడిపోయిన పత్తాలను గుర్తుపెట్టుకుని క్యాసినోను ఎట్లా గెలవచ్చో లెక్కలతో పుస్తకం రాశాడు. భయపడిన లాస్ వేగాస్ క్యాసినోలు 1964 ఏప్రిల్‌లో కూడబలుక్కుని రూల్స్ బిగించాయి. పందెం రెట్టింపు చేయడానికీ, రెండు ఆసులు పడితే విడదీసి రెండు ఆటలుగా ఆడడానికీ అడ్డం పెట్టాయి. జనం ఆడటం మానేశారు. వ్యాపారం పడిపోయింది, డీలర్లకు టిప్పులు కరువయ్యాయి. కొన్ని వారాలకే పాత రూల్స్ తిరిగొచ్చాయి.

అప్పటి దెబ్బ వాళ్లు మర్చిపోలేదని నా అభిప్రాయం. 2000 దాటాక 6 టు 5 తెచ్చినప్పుడు అంతటా ఒకేసారి పెట్టలేదు. ఒకే కట్టతో ఆడే సింగిల్ డెక్ టేబుల్‌కు ఆటగాళ్లలో మంచి పేరుండేది. ముందు ఆ పేరు వెనక దీన్ని దాచిపెట్టారు. తర్వాత తక్కువ పందెం టేబుళ్ల మీదికి ఒక్కొక్కటిగా పాకించారు. డీలర్ జీతం, కరెంటు, జాగా ఖర్చు పెద్ద పందెం టేబుల్‌కు ఎంతో చిన్న పందెం టేబుల్‌కూ అంతే, కాబట్టి చిన్న టేబుల్ నుంచే ఎక్కువ పిండుతారు. వ్యాపారం చేసేవాడి వైపు నుంచి అది అర్థమవుతుంది. కానీ తక్కువ పైసలతో వచ్చినవాడికే ఎక్కువ తరుగు వేయడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపించింది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. మీలాంటి కుర్రాళ్లు 15 డాలర్ల టేబుల్ చూసి ఇదే చవక అనుకుంటారు. అది 6 టు 5 అయితే, పక్కనున్న 25 డాలర్ల 3 టు 2 టేబుల్ కంటే అదే ఖరీదు. గంటకు డెబ్బై ఆటలనుకుంటే, మొదటిదాంట్లో సగటున 20 డాలర్ల దాకా పోతుంది, రెండోదాంట్లో పదికి అటూఇటూ. అయితే పెద్ద పందెంలో ఎగుడుదిగుళ్లు ఎక్కువ. ఒక గంటలోనే మూడు నాలుగు వందలు పోవచ్చు, రావచ్చు. అంత టెన్షన్ తట్టుకునే పైసలు లేకపోతే రెండింట్లో ఏదీ వద్దు. చూస్తూ నిలబడు, తప్పేం లేదు. గుడ్డ మీద రాత కనపడకపోతే కూర్చోకముందే డీలర్‌ను అడుగు. వాడు దాచడు. డీలర్‌కు పదిహేడు ఆసుతో కలిపి వస్తే ఆగుతాడా, ఇంకో పత్తా తీస్తాడా అన్నది కూడా చదువు. తీస్తే నీకు ఇంకో 0.2 శాతం నష్టం. చిన్నదే, కానీ అన్నీ కలిసే పెద్దవవుతాయి.

ఏ పత్తాలకు ఏం చేయాలో చెప్పే చిన్న కార్డు దొరుకుతుంది. దాన్ని చేతిలో పెట్టుకుని ఆడితే మామూలుగా ఎవరూ ఏమనరు. సిగ్గుపడకు. డీలర్ పైకి చూపించిన పత్తా ఆసు అయితే, అతనికి బ్లాక్‌జాక్ ఉందని విడిగా పందెం కడతావా అని అడుగుతారు. దాన్ని ఇన్సూరెన్స్ అంటారు, ఎప్పుడూ వద్దను. అది గెలవాలంటే డీలర్ దాచిన పత్తా పదిదై ఉండాలి. కట్టలో 52కు 16 మాత్రమే అట్లాంటివి, అంటే మూడో వంతు కూడా లేవు. ఇచ్చేది మాత్రం ఒకటికి రెండే. పక్కన రంగురంగుల గడులు గీసి పెట్టే సైడ్ బెట్లు ఇంకా దండగ. ఆపకుండా పత్తాలు కలుపుతూనే ఉండే మిషన్ ఉన్నచోట గంటకు ఆటలు పెరుగుతాయి, దాంతో పోయేదీ పెరుగుతుంది.

బ్లాక్‌జాక్ పాడైందని కోపంతో లేచి రూలెట్ దగ్గరికి పోయేవాళ్లున్నారు. అక్కడ రెండు సున్నాల చక్రం మీద క్యాసినో పైచేయి 5.26 శాతం, మూడు సున్నాలుంటే 7.69. పెనం మీంచి పొయ్యిలోకి పోయే ఆ పని నీ స్నేహితులను కూడా చెయ్యనియ్యకు.

ఇంకో మాట, నీ తమ్ముడి గురించి. వాడు ఇక్కడ ఫోన్‌లో పైసలు పెట్టి పత్తాలాడుతున్నాడని మీ అమ్మకు అనుమానం. మన రాష్ట్రం 2017లోనే దాన్ని నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. దొంగచాటుగా నడిచే ఆ యాప్‌లలో చదవడానికి టేబుల్ గుడ్డ కూడా ఉండదు, పైసలు ఎగ్గొడితే అడిగే దిక్కుండదు. వాడికి నువ్వు చెప్తేనే వింటాడు, ఈ ఆదివారమే మాట్లాడు.

నువ్వు పోగొట్టుకున్నా పర్వాలేదనుకునే మొత్తం నగదుగా జేబులో పెట్టుకో. కార్డులు హోటల్ రూమ్‌లో లాకర్‌లో పెట్టి పో. అది అయిపోతే ఆ రోజుకు అయిపోయినట్టే. మీ నలుగురికీ సరిపడే 3 టు 2 టేబుల్ దొరకకపోతే కారు తీసుకుని హూవర్ డ్యామ్‌కు పోండి, గంట లోపు దూరమే. చిన్నప్పుడు మన సాగర్ గేట్లు ఎత్తిన ప్రతిసారీ నన్ను సతాయించి తీసుకుపోయేవాడివి, అది చూస్తే నీకు చాలా నచ్చుతుంది. ఎండ దంచుతుంది, నీళ్ల సీసాలు ఎక్కువే పెట్టుకోండి. మీ అమ్మకు అక్కడి నుంచే వీడియో కాల్ చెయ్.

ప్రేమతో,
మీ మామ