ఒకే ప్రమాదం, రాష్ట్రానికో లెక్క

ప్రశ్న: డాలస్‌లో చదువుతున్న మా అబ్బాయి కారును వేరే కారు గుద్దింది. చెయ్యి విరిగింది. తప్పులో 20 శాతం మావాడిదేనని అవతలి బీమా కంపెనీ అంటోంది. నార్త్ కరోలినాలో ఉండే మా అల్లుడేమో ‘అయితే ఒక్క డాలరు కూడా రాదు’ అంటున్నాడు. నిజమేనా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: మీ అల్లుడి మాట వాళ్ల రాష్ట్రంలో నిజమే, అమ్మా. అక్కడ బాధితుడి తప్పు 1 శాతమున్నా సాధారణంగా పరిహారం పోతుంది. మీవాడి ప్రమాదం జరిగిన డాలస్ టెక్సాస్‌లో ఉంది కాబట్టి అక్కడి చట్టమే చూడాలి. నష్టం లక్ష డాలర్లయితే 20 శాతం పోను 80 వేలు వస్తాయి. తప్పు 50 శాతం దాటితేనే సున్నా. అందుకే కంపెనీ ఆ శాతాన్ని పెంచాలని చూస్తుంది. ఫోన్ రికార్డు చేస్తూ అడిగేటప్పుడు మర్యాదకి అన్న ‘సారీ, చూసుకోలేదు’ కూడా పనికొస్తుంది వాళ్లకి.

అసలు చిక్కు వేరే ఉంది. టెక్సాస్‌లో కనీస బీమా మనిషికి 30 వేల డాలర్లే. అవతలివాళ్లకి అంతే ఉంటే 80 వేలలో మిగతా 50 వేలు కాగితం మీదే మిగలొచ్చు. కాబట్టి మీవాడి సొంత కారు బీమా పాలసీ కాగితాలు బయటికి తీయించండి. అందులో ‘అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్’ (అవతలివాళ్ల బీమా చాలకపోతే మన బీమా ఇచ్చేది), ‘పీఐపీ’ (తప్పు ఎవరిదైనా మన వైద్య ఖర్చులకు మన బీమా ఇచ్చేది) ఉన్నాయేమో చూడాలి. అక్కడ వీటిని వద్దంటే రాతపూర్వకంగానే అనాలి. మీవాడు అలా రాసిచ్చిన కాగితం లేకపోతే, ఆ డబ్బు ఇమ్మని మీవాడి బీమా కంపెనీని గట్టిగా అడగండి.

చికిత్స పూర్తికాకుండా ‘రిలీజ్’ (ఇక పరిహారం అడగనని రాసిచ్చే కాగితం) మీద సంతకం పెట్టనివ్వకండి. దావాకి గడువు 2 ఏళ్లు, బేరసారాలు సాగుతున్నా అది ఆగదు.