క్లాస్ 2 కావిటీ: సొంతంగా, మన వేగంలో నేర్చుకోవడం

డెంటల్ కాలేజీలో ఫాంటమ్ హెడ్ (సాధనకి వాడే బొమ్మ తల) మీద క్లాస్ 2 కావిటీ (వెనక పళ్ల పక్క గోడల్లో ఫిల్లింగ్ కోసం కోసే గుంట) చేయడంలో బ్యాచ్ కంటే వెనకబడ్డానని, వీడియోలు చూసి సొంతంగా నేర్చుకోవచ్చా అని అడిగారు. నేర్చుకోవచ్చు. నేనూ అలాగే నేర్చుకున్నాను, కాకపోతే మొదటి మూడు నెలలు తప్పు దారిలో వెళ్లాను.

ఎక్కువ పళ్లు కోస్తే చెయ్యి దానంతటదే తిరుగుతుందనుకున్నాను. వీడియో చూడటం, ఎయిరోటర్ అనే డ్రిల్ పట్టడం, నకిలీ పళ్ల సెట్టు అయిన టైపోడాంట్‌లో పన్ను మార్చడం, ఇదే పని. ఒకరోజు మా మేడమ్ నేను చేసిన పళ్లన్నీ వరసగా పెట్టించి, ప్రోబ్‌తో లోతు నన్నే కొలవమన్నారు. రెండు మిల్లీమీటర్లు దాటకూడని చోట చాలావాటిలో మూడు వచ్చింది. అన్నాళ్లూ నేను చేతికి అలవాటు చేసింది ఆ తప్పునే. ఇంటికెళ్లి ఏడ్చాను.

అప్పటినుంచి ఒక్కో పూట ఒక్క మెట్టు మాత్రమే. కొంచెం కోయడం, ఆపడం, కొలవడం, నోట్‌బుక్‌లో రాయడం. డ్రిల్‌కి తగిలించే 245 నంబర్ బర్‌లో కోసే భాగం 3 మి.మీ. ఉంటుంది, సగం దిగితే 1.5. అంటే కొలత మీ చేతిలోనే ఉంది. బాక్స్ (పన్ను పక్క గోడ వైపు కిందికి దిగే భాగం) కోసేటప్పుడు పక్క పన్నుకి గాటు పడుతుందని అందరికీ టెన్షనే. మధ్యలో మ్యాట్రిక్స్ బ్యాండ్ (పల్చటి లోహపు పట్టీ) పెట్టండి, చివర్లో పల్చటి ఎనామెల్ పొర మిగిల్చి దాన్ని చేతి పరికరంతో తీయండి.

పై పళ్లకి అద్దంలో చూసి పనిచేయడం వేరే విద్య. దానికి పన్ను కూడా అక్కర్లేదు. గళ్ల కాగితం మీద, అద్దంలోంచి మాత్రమే చూస్తూ పెన్సిల్‌తో గీతలు గీయండి. నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఇదే.

మరో మాట. సొంతంగా అంటే ఒంటరిగా అని కాదు. పన్ను టీచర్‌కి చూపించేముందు మీ మార్కులు మీరే వేసి రాసుకోండి. గోడల వాలు విషయంలో నేను వేసుకున్న మార్కులకీ మేడమ్ వేసినవాటికీ చాలా తేడా ఉండేది. కారణం నా చెయ్యి కాదు, ఆ తప్పు నా కంటికి ఆనేదే కాదు. మెడ వంచి కూర్చోవడం కూడా అంతే, మనకి తెలియదు. పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీయించుకుని చూడండి.

ఈ వారానికి కింది మొదటి మోలార్ (దవడ పన్ను) ఆక్లూజల్ భాగం, అంటే నమిలే వైపు, ఒక్కటే చేయండి. వరసగా ఐదింటిలో లోతు సరిగ్గా వచ్చాకే బాక్స్ మొదలుపెట్టండి.